ఉతికే ముందు ఒక్క మాట



పోయిన ఉగాదికి మన ఊరి మ్యూజియంలో తెలుగువారి నేతబట్టలు ఆరు వారాలపాటు ప్రదర్శనకు పెట్టిన సంగతి మీకు తెలుసు. చూసినవారు బాగుందన్నారు. రాలేకపోయినవారు ఏమేం పెట్టారని అడిగారు. ఏమేం పెట్టలేదో, ఎందుకు పెట్టలేదో మాత్రం ఎవరూ అడగలేదు. మేము నేర్చుకున్నదంతా ఆ అడగని ప్రశ్నలోనే ఉంది. అందుకని దాన్ని గురించి నాలుగు మాటలు రాయమని కార్యవర్గం వారు మాకు పురమాయించారు.

మన ఊరి మ్యూజియం పెద్దదేమీ కాదు. పాత రైల్వేస్టేషనులో మూడు గదులు, కింద ఒక బేస్‌మెంటు, అంతే. జీతానికి పనిచేసేది ఒక్క పెద్దావిడే. తక్కినవారంతా తీరిక వేళల్లో వచ్చి సాయం చేసి పోయేవారు. లేబొరేటరీ లేదు, ప్రత్యేకమైన యంత్రాలు లేవు. అటువంటి చోట ఆ పెద్దావిడ మనకు రెండు అద్దాల బీరువాలు, ఒక గోడ ఇస్తామనేసరికి మాకు పట్టరాని సంతోషం కలిగింది. వెంటనే ఇంటింటికీ ఫోన్లు చేసి పాత చీరెలు, కలంకారీలు, రుమాళ్ళు పోగు చేశాము. “వచ్చే శనివారం అందరం కలిసి వీటిని శుభ్రంగా ఉతికి, ఇస్త్రీ చేసి తెచ్చేస్తాం” అని ఆవిడతో చెప్పాము.

ఆవిడ ముఖం పాలిపోయింది. “దయచేసి ఏమీ చెయ్యకండి. ఉన్నవి ఉన్నట్టే తీసుకురండి” అన్నారు.

మాకు కొంచెం చిన్నతనంగానే అనిపించింది. చీరె ఉతకడం కూడా మనకు ఒకరు నేర్పాలా? పట్టు ఎలా ఉతకాలో, జరీ ఎలా మడవాలో అమ్మల దగ్గరా అమ్మమ్మల దగ్గరా చూస్తూ పెరిగినవాళ్ళం. పైగా మరకల బట్ట తీసుకుపోయి నలుగురిలో పెట్టడం మన ఇంటావంటా లేదు.

అయినా మేము నోరెత్తకపోవడానికి ఒక కారణం ఉంది. కొన్నేళ్ళ కిందట మా ఇంట్లోనే, అత్తయ్యగారు కట్టిన పాత గద్వాల చీరెను, దుమ్ము పట్టింది కదా అని, మిషనులో “డెలికేట్” అన్న బొత్తాం నొక్కి వేశాము. గద్వాల చీరె సంగతి తెలిసిందే: ఒళ్ళంతా నూలు, అంచూ పైటకొంగూ పట్టు. రెండు రకాల దారాలను నేతలోనే కలుపుతారు. నీళ్ళు తగిలాక నూలు ఒకలాగా, పట్టు ఇంకొకలాగా కుంచించుకుపోయాయి. బయటికి తీసేసరికి అంచు పొడుగునా అప్పడంలాగా ముడతలు పడిపోయి, కొంగు దగ్గర రెండు చోట్ల పట్టు పిగిలిపోయి ఉంది. అత్తయ్యగారు ఏమీ అనలేదు. “పోనీలే, పాతదే కదా” అన్నారు. ఆ మాట ఇప్పటికీ మాకు గుచ్చుకుంటూనే ఉంటుంది.

అందుకని శనివారంనాడు చీరెల మూటలు ఉన్నవి ఉన్నట్టే పట్టుకుని వెళ్ళాము.

గాజుల పేచీ

మొదటి పాఠం చేతులతోనే మొదలైంది. పాత బట్టను ముట్టుకునే ముందు సబ్బుతో చేతులు కడుక్కుని, పూర్తిగా తుడుచుకోవాలి. క్రీములు రాసుకోకూడదు. ఉంగరాలు, వాచీలు తీసెయ్యాలి. బల్ల దగ్గర కాఫీ కప్పు కనపడకూడదు. రాసుకోవడానికి పెన్సిలే తప్ప పెన్ను పనికిరాదు. జరీ ఉన్న బట్టలకు నైట్రైల్ తొడుగులు వేసుకోవాలి. ఎందుకంటే చేతి చెమటలో ఉప్పు ఉంటుంది, అది వెండిని నల్లబరుస్తుంది. నూలు తొడుగులైతే వాటి పోగులకు పాతబట్ట పోగులు చిక్కుకుంటాయట.

“గాజులు కూడా తీసెయ్యండి” అన్నారావిడ. మా ఆడవాళ్ళందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నిండు ముత్తైదువులు చేతులు బోసి చేసుకోవడమేమిటి? సంగతి వివరించేసరికి ఆవిడ నవ్వి, లోపలికి వెళ్ళి, ఆటలాడేవాళ్ళు మణికట్టుకు తొడుక్కునే పట్టీలు నాలుగైదు జతలు తెచ్చారు. గాజులను మోచేతి వైపు జరిపి, మీద పట్టీ తొడిగితే అవి కదలవు, బట్టకు తగలవు. అలా పేచీ తీరిపోయింది. ఆవిడకు కావలసింది గాజులు తీయడం కాదు, పోగు తెగకపోవడం. మన ఆచారం మనకుంది, వారి పని జరిగింది.

దుమ్ము ఎలా తీయాలి?

పాతబట్టకు మొట్టమొదటి శత్రువు దుమ్ము. అది కంటికి మెత్తగా కనిపిస్తుందిగాని, అందులో గీసే ఇసుక రేణువులు ఉంటాయి. బట్ట కదిలినప్పుడల్లా అవి పోగులను కోస్తాయి. దుమ్ము తేమను పట్టి ఉంచుతుంది కూడా. అందుకని దుమ్ము తీయవలసిందే. అయితే మనం చేసినట్టు విదిలించి, దులిపి కాదు.

బట్టను శుభ్రమైన బల్లమీద నలగకుండా పరచాలి. కిటికీలకు వేసే ఫైబర్‌గ్లాసు దోమల జాలీ ముక్క ఒకటి తీసుకుని, దాని అంచులు గరుగ్గా ఉంటాయి కాబట్టి చుట్టూ నూలు టేపు కుట్టాలి. ఆ జాలీని బట్టమీద పరచి, వాక్యూమ్ క్లీనరును అన్నిటికన్నా తక్కువ బలంమీద పెట్టి, గొట్టం చివరను జాలీకి కాస్త ఎత్తుగా పట్టుకుని, ఒక్కొక్క చోట మెల్లగా ఎత్తుతూ దించుతూ పోవాలి. రుద్దకూడదు. జాలీ ఉండబట్టి బట్ట గొట్టంలోకి లాక్కుపోదు, తెగిన పోగులు పోవు. ఒకవైపు అయ్యాక రెండోవైపు. పూసలు, చమ్కీలు ఊడిపోతున్నచోటా, పట్టు పొడిపొడి అవుతున్నచోటా ఇది కూడా చేయకూడదు.

ఇంతే. చిన్న మ్యూజియంలో నూటికి తొంభై బట్టలకు చేయదగిన శుభ్రత ఇదొక్కటే అన్నారావిడ. మేము ఒక చీరెకు గంటన్నర పట్టించాము. గొట్టం సంచీ విప్పి చూస్తే బూడిదరంగు దూది ఉండలాగా దుమ్ము! ఒక్క చుక్క నీరు తగలకుండానే ఆ చీరె రంగు ఒక వాసి తేరుకుంది.

మధుపర్కం చీరె

ఇక అసలు సంగతికి వస్తాము. మేమందరం అక్కయ్యగారు అని పిలుచుకునే పెద్దావిడ ఒకరు తమ అమ్మగారి మధుపర్కం చీరె తెచ్చారు. తెల్లని నూలు, సన్నని ఎర్ర అంచు. వయసు డెబ్భై ఏళ్ళు దాటింది. చీరె నిండా, ముఖ్యంగా ఒడి దగ్గరా కొంగుమీదా, పసుపు మరకలు. అమ్మగారు పోయాక ట్రంకుపెట్టె అడుగున దొరికిందట. అక్కయ్యగారి అమ్మాయి ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. “అమ్మా, కొంచెం బ్లీచ్ వేస్తే తెల్లగా అయిపోతుంది కదా!” అంది. నిజానికి మేమందరం మనసులో అనుకుంటున్నదీ అదే.

మ్యూజియం ఆవిడ ఆ మరకలవంక చాలాసేపు చూసి, “ఇవి ఎలా పడ్డాయి?” అని అడిగారు. అక్కయ్యగారు చెప్పారు: పెళ్ళిలో వధూవరులు ఒకరి తలమీద ఒకరు తలంబ్రాలు పోసుకుంటారు, ఆ బియ్యానికి పసుపు కలుపుతారు, అది ఒళ్ళోకి రాలుతుంది. చెప్తూ చెప్తూ ఉండగా ఆవిడ గొంతు మారింది. “అంటే ఈ మరక మా నాన్నగారి చేతిది” అన్నారు.

ఆ తరువాత కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

“అయితే ఇది మురికి కాదు. దీన్ని తీసేస్తే మిగిలేది ఒక తెల్లచీరె మాత్రమే” అన్నారు మ్యూజియం ఆవిడ. బట్టమీద ఉన్నవన్నీ మురికి కావు. చెమట, నూనె, బూజు వంటివి బట్టను తింటాయి, వాటి సంగతి చూడాలి. ఆ బట్ట జీవితంలో జరిగినదానికి సాక్ష్యంగా ఉన్నవి వేరు. ఏది ఏదో తేల్చుకోకుండా నీళ్ళలో ముంచితే రెండూ కలిసి పోతాయి. మళ్ళీ తెచ్చుకోలేము.

పసుపు సంగతి రసాయనశాస్త్రం తెలిసిన మన సభ్యులకు చెప్పనక్కరలేదు. సబ్బు తగిలితే పసుపు మరక ఎర్రబడటం అందరికీ అనుభవమే. పారాణి ఎర్రబడేదీ పసుపులో సున్నం కలిసినందువల్లనే. క్షారగుణమున్న సబ్బుతో ఉతికి ఉంటే ఆ చీరె రంగు ఏమయ్యేదో ఊహించుకోండి. ఇక బ్లీచ్ అయితే నూలును బలహీనపరుస్తుంది, పట్టునూ ఉన్నినీ కరిగించేస్తుంది.

అయినా తెలుసుకోవడం కోసం ఆవిడ రంగు పరీక్ష చేసి చూపించారు. కనపడని మూల ఒకటి చూసుకుని, ఎర్ర అంచుమీద ఒక్క చుక్క డిస్టిల్డ్ వాటరు వేసి, అది పీల్చుకున్నాక అద్దుడు కాగితం పెట్టి వేలితో నొక్కారు. కాగితంమీద లేత గులాబీ చుక్క దిగింది. అంటే నీళ్ళలో వేస్తే అంచురంగు తెల్లని ఒళ్ళంతా పాకుతుందన్నమాట. ఉతకదలచిన బట్టలో ఎన్ని రంగులుంటే అన్నింటికీ విడివిడిగా ఈ పరీక్ష చేయాలి. ముందు ఉత్త నీళ్ళతో, తరువాత వాడబోయే సబ్బునీళ్ళతో చేయాలి. ఏ ఒక్కటి కాగితానికి అంటినా అక్కడితో ఆపెయ్యాలి.

తడి విషయంలో మరొకటి కూడా చెప్పారు. మంచి నూలు తడిస్తే బలపడుతుంది, పట్టు తడిస్తే బలహీనపడుతుంది. పాతపట్టును నీళ్ళలోంచి చేత్తో ఎత్తితే, పీల్చుకున్న నీటి బరువుకే చిరిగిపోవచ్చు. అందుకే ఉతకక తప్పని బట్టను జాలీమీద పరచి, ఆ జాలీతో సహా వెడల్పాటి పళ్ళెంలోకి దింపుతారు. సువాసనలూ తెలుపుపొడులూ లేని మెత్తని డిటర్జెంటు బహుకొద్దిగా వాడి, స్పాంజితో అద్దుతారు. పిండరు, రుద్దరు. డిటర్జెంటు జాడ లేకుండా పోయేవరకు మంచినీళ్ళు మారుస్తూ, చివరగా ఖనిజాలు తీసిన నీళ్ళతో జాడించి, నీడలో పరచి ఆరబెడతారు. ఇది శిక్షణ ఉన్నవారు చేసే పని. మన వంటింట్లో ప్రయోగం చేసేది కాదు.

“డ్రైక్లీనింగుకు ఇస్తే సరి కదా?” అని మాలో ఒకరన్నారు. డ్రైక్లీనింగు నూనె మరకలను తీస్తుందిగాని, చెమట, పానకం, పండ్లరసం వంటి నీటి మరకలను అంతగా తీయదు. అవి అప్పటికి కంటికి కనపడవు, కొన్నేళ్ళకు గోధుమరంగుకు తిరిగి బయటపడతాయి. పైగా డ్రమ్ములో దొర్లడం, వేడి, ఆవిరి పాతపట్టుకు, జరీకి గట్టి దెబ్బ. కట్టుకునే కొత్త చీరెలకు అది చాలు. దాచుకునే పాత చీరెలకు పనికిరాదు.

తేలియా రుమాలు

ఒక సభ్యులు చీరాల తేలియా రుమాలు ఒకటి తెచ్చారు. ఎరుపు, నలుపు, తెలుపు చౌకళ్ళు. పేరులోనే ఉంది నూనె. నేతకు ముందు దారాన్ని నూనెలోనూ, ఆముదపు కాయల బూడిద కలిపిన నీళ్ళలోనూ పదేపదే నానబెడతారు. ఎరుపు అంత గట్టిగా పట్టేది అందువల్లనే. ఇటువంటి రుమాళ్ళు ఒకప్పుడు అరబ్బు దేశాలకు ఓడలమీద వెళ్ళేవి.

ఆ రుమాలు విప్పగానే గదంతా పాతనూనె వాసన. మాకు సిగ్గేసి, కనీసం వాసన పోయేదాకా ఎండలో వేద్దామన్నాము. సంగతి విన్నాక మ్యూజియం ఆవిడ వద్దన్నారు. నేతగాడు కావాలని పెట్టిన వాసన అది. దాన్ని పోగొడితే ఈ రుమాలుకూ, మిల్లులో అచ్చుగుద్దిన రుమాలుకూ తేడా చెప్పడానికి ఒక గుర్తు తగ్గిపోతుంది. రుమాలుకు జాలీ వేసి దుమ్ము మాత్రం తీసి, వాసనతో సహా పెట్టాము. చూడవచ్చిన పిల్లలకు అదే పెద్ద వింత అయింది.

బందరు కలంకారీ

అన్నింటికన్నా మనస్సు కష్టపెట్టింది కలంకారీ. మా మిత్రుల తాతగారి ఇంట్లోది, బందరు అద్దకం, పాత దుప్పటి. విప్పుతూ ఉండగానే దాంట్లోంచి నల్లని పొడి రాలింది. దగ్గరికి పెట్టి చూస్తే చిత్రమైన విషయం కనిపించింది. ఎర్రపువ్వులు దిట్టంగా ఉన్నాయి. తెల్లని నేల నిక్షేపంగా ఉంది. నల్లని గీతలున్న చోటల్లా బట్ట తినేసినట్టు పోయింది. ఆకుల చుట్టూ, కొమ్మల చుట్టూ గీత ఎక్కడ పోతే అక్కడే సన్నని చీలిక.

పురుగు కొట్టిందనుకున్నాము. కాదు. ఆ నలుపే దాన్ని తినేసింది.

కలంకారీ ఎలా చేస్తారో చాలామంది వినే ఉంటారు. నూలుబట్టను కరక్కాయ రసం, గేదెపాలు కలిపి తడుపుతారు. నలుపు కోసం తుప్పు పట్టిన ఇనుపముక్కలను బెల్లపు నీళ్ళలో రోజుల తరబడి ఊరబెడతారు. ఆ ఇనుపరసం కరక్కాయలోని వగరుతో కలిసేసరికి గీత నల్లబడుతుంది. ఎరుపుకు పటికతో అద్ది, చిరివేరుతో ఉడకబెడతారు. పటిక బట్టకు అంతగా హాని చేయదు. ఇనుము అలా కాదు. ఏళ్ళు గడిచినకొద్దీ గాలితో, తేమతో కలిసి నూలుపోగును లోపల్నుంచి కొరుకుతుంది. తేమ ఎక్కువైతే ఇంకా త్వరగా కొరుకుతుంది. ఏ గీత ఆ బొమ్మకు రూపమిచ్చిందో ఆ గీతే దానికి మృత్యువు.

ఈ సంగతి ప్రపంచమంతటా కోరమాండల్ అద్దకాలు ఉన్న మ్యూజియములన్నింటికీ తెలిసినదే. డచ్చివారూ, 1611 నుంచి ఇంగ్లీషువారూ మచిలీపట్నంలో కొట్లు పెట్టుకున్నది ఈ తీరపు బట్టల కోసమే. నూలుబట్టమీద ఉతికినా పోని రంగులు ఇలా అద్దడం ఐరోపావారికి అప్పటికి అంతగా తెలియదు. అక్కడివాళ్ళు ఈ అద్దకాలమీద ఎంతగా మోజుపడ్డారంటే, సొంత నేతగాళ్ళు గగ్గోలు పెట్టగా 1686లో ఫ్రాన్సు వీటిని నిషేధించింది. 1701 నుంచి ఇంగ్లండు దిగుమతి ఆపింది, 1721లో అద్దకపు నూలుబట్టలు కట్టడాన్నే తప్పుచేస్తూ చట్టం చేసింది. ఆనాడు దాటిపోయిన మన అద్దకాలు ఈనాడు లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలోనూ, టొరాంటోలోని రాయల్ ఒంటారియో మ్యూజియంలోనూ ఉన్నాయి. 1925లో స్థాపించిన వాషింగ్టన్ టెక్స్‌టైల్ మ్యూజియం 2015 నుంచి జార్జి వాషింగ్టన్ విశ్వవిద్యాలయం ఆవరణలో నడుస్తున్నది. అటువైపు వెళ్ళేవారు చూసి రావచ్చు.

చూసి ఊరుకోలేక, “వెనకాల గట్టి బట్ట వేసి దగ్గరదగ్గరగా కుట్టేస్తాం, రెండు ఆదివారాల పని” అన్నాము. మాలో కుట్టుపని బాగా వచ్చినవాళ్ళు ఉన్నారు. అప్పుడు ఆవిడ ఈ దేశపు జెండా కథ చెప్పారు.

పదిహేడు లక్షల కుట్లు

1814లో బాల్టిమోరు దగ్గర మెక్‌హెన్రీ కోటమీద ఎగిరిన జెండా చూసే ఈ దేశపు జాతీయగీతం పుట్టింది. ఆ జెండా తరువాత స్మిత్‌సోనియన్ సంస్థకు చేరింది. అప్పటికే అది జీర్ణించిపోయింది. 1914లో అమీలియా ఫౌలర్ అనే ఆవిడ, తనతోబాటు కొందరు కుట్టుపనివాళ్ళు కూర్చుని, వెనకాల నారబట్ట వేసి, వలలాగా దాదాపు పదిహేడు లక్షల కుట్లు వేశారు. ఎంత భక్తితో చేశారో చెప్పనక్కరలేదు. కానీ కాలం గడిచేకొద్దీ ఆ నారబట్టే మురికిని పట్టి ఉంచింది. కుట్లు బలహీనపడిన ఉన్నిని లాగి పట్టాయి. 1998లో జెండాను దించి, తరువాత ఆ పదిహేడు లక్షల కుట్లూ ఒక్కొక్కటిగా కత్తిరించి తీయవలసి వచ్చింది. శుభ్రం చేసేటప్పుడు దాన్ని నీళ్ళలో ముంచలేదు. ముఖానికి పౌడరు అద్దుకునే రకం పొడి స్పాంజీలతో అద్ది, ఆ తరువాత ఎసిటోను కలిపిన నీటితో ఎంతో జాగ్రత్తగా మురికి తీశారు. 2008 నుంచి దాన్ని మసకవెలుగు గదిలో, కొద్దిగా వాలుగా పడుకోబెట్టి చూపిస్తున్నారు. పదిహేను నక్షత్రాలలో ఒకటి ఎప్పుడో పోయింది. ఆ చోటును ఖాళీగానే ఉంచారు.

“మీ కుట్టు బాగా రాదని కాదు. మీరు వేసిన కుట్టును వందేళ్ళ తరువాత ఇంకొకరు బట్టకు దెబ్బ తగలకుండా తీయగలగాలి. తీయలేని పని చేయకూడదు” అన్నారావిడ.

కలంకారీని ప్రదర్శనలో పెట్టలేదు. ఆమ్లం లేని గట్టి కాగితపు గొట్టంమీద, మధ్యలో మెత్తని కాగితం వేస్తూ, మడత లేకుండా చుట్టి, పైన ఉతికిన గంజిలేని తెల్లబట్ట కప్పి, బాగుచేసే శిక్షణ ఉన్నవారికి చూపించేదాకా అలాగే ఉంచమన్నారు. దాని ఫోటో మాత్రం గోడకు పెట్టాము. పేరున్న నిపుణుడు చేసినా, మనం చేసినా, కొన్నిసార్లు చేయవలసిన పని ఆగడమే.

వెలుతురు చేసే చేటు

మధుపర్కం చీరెను మాత్రం పెట్టాలనే నిర్ణయించాము. ఇక్కడ ఇంకో చిక్కు వచ్చింది. పసుపు రంగు ఎండకు నిలవదని మన చాకిరేవుకు కూడా తెలుసు. ఎండే కాదు, దీపపు వెలుతురు కూడా కొంచెం కొంచెంగా రంగును తింటుంది. పోయిన రంగు చీకట్లో పెడితే తిరిగి రాదు. అందుకే మ్యూజియములలో బట్టలమీద 50 లక్సులకు, అంటే 5 ఫుట్‌క్యాండిల్సుకు మించి వెలుతురు పడనివ్వరు. కొన్ని నెలలు పెట్టి మళ్ళీ చీకట్లో విశ్రాంతి ఇస్తారు. ఆ గదులు మసకగా ఉన్నాయని మనం విసుక్కుంటాముగాని, కారణం అది.

మరకను కాపాడాలని ఉతకడం మానేసి, వెలుతురులో పెట్టి దాన్నే పోగొట్టుకుంటే ఏం లాభం? అందుకని చీరెను పళ్ళెంలో పరచి, పైన నల్లని గుడ్డ తెర వేశాము. చూడదలచినవారు తెర ఎత్తి చూసి మళ్ళీ దించాలి. పక్కన చీటీ అక్కయ్యగారి అమ్మాయే రాసింది. బ్లీచ్ వేద్దామన్న పిల్లే! ఆ చీటీలో అమ్మమ్మ పేరు, ఊరి పేరు రాసి, “ఈ పసుపు మా తాతయ్య చేతినుంచి రాలింది” అని ఇంగ్లీషులోనూ, తప్పులు లేకుండా తెలుగులోనూ రాసింది.

మన ఇళ్ళలో

ఇప్పుడు మన బీరువాల సంగతి. మన అమ్మలు చేసినవాటిలో చాలావరకు సరైనవే. పట్టుచీరెలను పాత మెత్తని పంచెగుడ్డలో చుట్టడం, ఏడాదికోసారి తీసి నీడలో గాలికి వేయడం, మడతలు మార్చడం, ఇవన్నీ మ్యూజియంవారు కూడా చేసే పనులే. ఒకే మడతమీద ఏళ్ళ తరబడి ఉంటే జరీ అక్కడే విరుగుతుంది. మడత మార్చి, లోపల ఆమ్లం లేని కాగితం చుట్టలు పెడితే ఇంకా మంచిది. పట్టుకూ ఉన్నికీ క్షారం కలపని రకం కాగితం అడిగి కొనండి.

మానుకోవలసినవి కొన్ని ఉన్నాయి. గంజి పెట్టి దాచకండి, గంజికి సిల్వర్‌ఫిష్ పురుగులు చేరతాయి. డ్రైక్లీనింగు కొట్టువాడు ఇచ్చిన ప్లాస్టిక్ సంచీలో ఉంచకండి. కొయ్య అరలమీద, మామూలు అట్టపెట్టెల్లో నేరుగా పెట్టకండి, వాటినుంచి ఆమ్లపు ఆవిర్లు వస్తాయి. నల్లబడిన జరీకి వెండి పాలిష్ రాయకండి, ఉన్న పూత కూడా పోతుంది. బేస్‌మెంటులో వేసవి తేమ, అటకమీద వేసవి వేడి, రెండూ చెరుపే. మనం నివసించే గదుల్లోని అలమరే మంచిచోటు. గాలిలో తేమ 50 శాతం దరిదాపుల్లో ఉండాలి. 65 దాటితే బూజు పడుతుంది.

కలరా ఉండలు చాలామంది ఇళ్ళలో ఉన్నాయి. వాటి ఆవిరి బట్టకన్నా మనుషులకు చేటు. జీ సిక్స్ పీ డీ ఎంజైము లోపమున్న పసిపిల్లలకు నాఫ్తలీన్ తగిలితే ఎర్ర రక్తకణాలు విరిగిపోతాయని మన డాక్టరు సభ్యులందరికీ తెలుసు. చిమ్మటపురుగు పడిందని అనుమానం వస్తే, బట్టను పాలిథీన్ సంచీలో గాలి తీసి బిగించి, ఇంట్లో డీప్ ఫ్రీజరులో సున్నా ఫారెన్‌హీటు, అంటే మైనస్ 18 సెల్సియస్ దగ్గర రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక సంచీ వెంటనే విప్పకండి. గది వేడికి వచ్చేదాకా ఒక రోజు ఆగకపోతే బట్టమీద నీళ్ళు పడతాయి. గుడ్లతో సహా పురుగు చస్తుంది. పట్టును, ఉన్నిని తినే పురుగులకు ఇదే మందు. పూసలు, అద్దాలు, రంగులు పూసిన బట్టలకు మాత్రం ఇది చేయకండి.

ఉన్న చీరెలన్నీ దాచుకోమని మేము అనడం లేదు. చీరె కట్టుకోవడానికే పుట్టింది. పెళ్ళిళ్ళకు, పండగలకు కట్టండి, చెమట పడితే శుభ్రం చేయించండి. ఇంటికొకటో రెండో ఉంటాయి, అమ్మదో అమ్మమ్మదో, మళ్ళీ దొరకనివి. వాటికి మాత్రం ఈ జాగ్రత్తలు పడితే చాలు. ముఖ్యంగా, అది ఎవరిది, ఎప్పుడు కట్టారు, ఏ ఊరి నేత, ఏ మరక ఎలా పడింది, ఇవన్నీ ఒక కాగితంమీద పెన్సిలుతో రాసి, చీరెతోబాటు ఉంచండి. ఆ కాగితం లేకపోతే మన పిల్లలకు మిగిలేది పాతగుడ్డ. పెద్దవాళ్ళు మనదేశంలో ఉంటే ఈ ఆదివారమే ఫోను చేసి అడగండి. చీరె కన్నా ముందు పోయేది దాని కథ.

చివరిగా మా గద్వాల చీరె సంగతి. అది ప్రదర్శనకు పనికిరాదని మేము తీసుకెళ్ళలేదు. విషయం తెలిసి మ్యూజియం ఆవిడే అడిగి తెప్పించుకున్నారు. తక్కినవాటినన్నింటినీ ముట్టుకోవద్దని పిల్లలకు చెప్పాలి కదా, ఈ ఒక్కదాన్ని మాత్రం బల్లమీద పరచి “ముట్టుకుని చూడండి” అని చీటీ పెట్టారు. నూలు ఎక్కడ ఆగి పట్టు ఎక్కడ మొదలవుతుందో, ముడతలు ఎందుకు పడ్డాయో పిల్లలు వేళ్ళతో తడిమి చూశారు. ఆరు వారాల్లో అది ఇంకొంచెం చిరిగింది. అత్తయ్యగారికి ఫోటో పంపిస్తే, “పోనీలే, ఎవరికో ఒకరికి పనికొచ్చింది” అన్నారు.

వచ్చే ఉగాదికి మళ్ళీ బీరువాలు ఇస్తామన్నారు. మీ దగ్గర ఉన్నవేమిటో కార్యదర్శిగారికి తెలియజేయగోరుతున్నాము. ఉతక్కుండా తీసుకురండి.